జూలై 1కి ముందే తేలిపోయే ఏడాది: రోటరీ క్లబ్ ప్రెసిడెంట్ కాబోయేవాళ్ల కోసం

మన ఊళ్లలో రోటరీ క్లబ్‌కి ప్రెసిడెంట్ ఎలా తయారవుతాడో క్లబ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఏదో ఫెలోషిప్ డిన్నర్‌లో ఇద్దరు ముగ్గురు పాత ప్రెసిడెంట్లు పక్కకి పిలిచి "ఈసారి నువ్వు కాదనకూడదు, మేమంతా వెనకాల ఉన్నాం కదా" అంటారు, మొహమాటానికి తలూపేస్తాం. తర్వాత ఒక మీటింగులో ఎన్నిక అనే లాంఛనం పూర్తవుతుంది, వాట్సాప్ గ్రూపులో దండలూ పూలగుత్తులూ వరసగా వచ్చి పడతాయి, ఇక ఇన్‌స్టలేషన్ (పదవీ స్వీకార సభ) తేదీ దగ్గరపడే దాకా ఎవరూ మన జోలికి రారు. మనం కూడా "జూలైలో కదా, చూద్దాంలే" అనుకుంటాం. పదవి జూలై 1న చేతికొచ్చే మాట నిజమే. కానీ ఆ ఏడాదిలో మీరు ఏం చేయగలరు, దేనికి డబ్బుంటుంది, ఎవరు మీతో కలిసి పనిచేస్తారు అన్నవి అప్పటికే చాలావరకు తేలిపోయి ఉంటాయి. మీరు కూర్చుని తేల్చకపోతే వాటంతట అవే, అడ్డదిడ్డంగా తేలిపోతాయి.

నిబంధనలు రాసినవాళ్లు ఈ సంగతి ముందే ఊహించారు. పదవిలోకి రావడానికి రెండేళ్ల కంటే ముందు కాకుండా, 18 నెలల కంటే ఆలస్యం కాకుండా ప్రెసిడెంట్‌ని ఎంచుకోవాలని క్లబ్ రాజ్యాంగంలో ఉంది. అలా ఎంపికైన మనిషి మొదట ప్రెసిడెంట్ నామినీ, పదవికి ముందు ఏడాది జూలై 1 నుంచి ప్రెసిడెంట్ ఎలెక్ట్. అంటే 2027 జూలైలో కుర్చీ ఎక్కాల్సిన మనిషి పేరు 2025 డిసెంబర్ కల్లా తేలాలి. చిన్న ఊళ్లలో ఇది అరుదు, ఆఖరి ఆరు నెలల్లో కూడా "ఎవరో ఒకరు దొరక్కపోతారా" అన్నట్టే ఉంటుంది వ్యవహారం. లయన్స్‌లో వైస్ ప్రెసిడెంట్ల నిచ్చెన ఉంటుంది కాబట్టి కొంత నయం, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పని చూస్తూ వస్తారు. వాళ్ల ఏడాది కూడా జూలై నుంచే. జేసీఐ, అంటే జూనియర్ ఛాంబర్ వాళ్లది జనవరి నుంచి. నేనిక్కడ రోటరీ లెక్కే చెప్తాను, మిగతా క్లబ్‌ల వాళ్లు పేర్లు మార్చుకుని చదువుకోవచ్చు, కష్టాలు మాత్రం ఒక్కటే.

ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది

కొత్త ప్రెసిడెంట్లలో చాలామందికి ఉండే మొదటి గందరగోళం ఇది. క్లబ్, డిస్ట్రిక్ట్, రోటరీ ఇంటర్నేషనల్, రోటరీ ఫౌండేషన్, వీటికి తోడు మన క్లబ్‌వాళ్లే ఎప్పుడో రిజిస్టర్ చేయించిన ట్రస్టు. అన్నిటి మీదా చక్రం గుర్తే ఉంటుంది కాబట్టి అంతా ఒకటే అనిపిస్తుంది. నిజానికి డబ్బు సంచులు వేరు, సంతకాలు వేరు, జవాబు చెప్పుకోవాల్సిన చోట్లు కూడా వేరు.

రోటరీ ఇంటర్నేషనల్‌లో సభ్యులు మనుషులు కాదు, క్లబ్‌లు. మీరు మీ ఊరి క్లబ్‌లో సభ్యుడు, మీ క్లబ్ ఆ అంతర్జాతీయ సంస్థలో సభ్యురాలు. మధ్యలో ఉండే డిస్ట్రిక్ట్ అంటే రెవెన్యూ జిల్లా కాదు, 3020, 3150, 3160 అని మన రెండు రాష్ట్రాల వాళ్లు నంబర్లతో పిలుచుకునేది, కొన్ని పదుల క్లబ్‌ల గుంపు. దానికి గవర్నర్ ఉంటాడు, ఆయన కింద నాలుగైదు క్లబ్‌లకో అసిస్టెంట్ గవర్నర్ ఉంటాడు. గవర్నర్ వస్తున్నాడంటే ఊరంతా ఫ్లెక్సీలు కట్టే మనవాళ్ల మర్యాద చూసి ఆయన ప్రెసిడెంట్‌కి పై అధికారి అనుకుంటారు గానీ, మీ క్లబ్ ఏ ప్రాజెక్టు చేయాలో ఆదేశించే అధికారం ఆయనకి లేదు. అడగొచ్చు, ప్రోత్సహించవచ్చు, కాన్ఫరెన్స్‌కి రిజిస్ట్రేషన్లు ఇన్ని కావాలని ఫోన్ మీద ఫోన్ చేయించవచ్చు. వేటికి సరే అనాలో, వేటికి "మా బోర్డులో పెట్టి చెప్తానండీ" అనాలో తెలియడం మంచిది. ఆ రెండో మాట అబద్ధం కూడా కాదు.

ఎందుకంటే క్లబ్‌లో నిర్ణయం తీసుకునేది బోర్డు. ప్రెసిడెంట్ ఆ బోర్డుకి అధ్యక్షత వహిస్తాడు, అంతే. బోర్డు మీటింగ్ చెల్లాలంటే సగానికి పైగా డైరెక్టర్లు ఉండాలి. క్లబ్ మొత్తంగా ఏదైనా తీర్మానించాలంటే మూడోవంతు సభ్యుల కోరం కావాలి. బోర్డు నిర్ణయం నచ్చకపోతే సభ్యులు క్లబ్ ముందుకి అప్పీలుకి తేవచ్చు. క్లబ్ రాజ్యాంగం ప్రపంచమంతా ఒకటే, మూడేళ్లకోసారి జరిగే కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ తప్ప దాన్ని ఎవరూ మార్చలేరు. బైలాస్ మాత్రం మన చేతిలో ఉంటాయి: బోర్డులో ఎంతమంది, ఫీజు ఎప్పుడు కట్టాలి, మీటింగులు ఏ వారం లాంటివి. మీ క్లబ్ బైలాస్ కాపీ ఎక్కడుందో ఒకసారి అడిగి చూడండి. చాలా క్లబ్‌లలో చార్టర్ సెక్రటరీ బీరువాలోనే ఉంటుంది. అది సంపాదించి చదవడం తయారీలో మొదటి పని, ఒక సాయంత్రం చాలు. "మన క్లబ్‌లో ఎప్పట్నుంచో ఇంతే" అని పెద్దలు చెప్పేవాటిలో సగం ఏ కాగితం మీదా లేవని ఆ సాయంత్రమే తెలిసిపోతుంది.

ఇక పెట్స్. ప్రెసిడెంట్ ఎలెక్ట్‌లకి మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో జరిగే శిక్షణ ఇది. ఏ హోటల్లోనో రెండ్రోజులు, బ్లేజర్లు, సెల్ఫీలు, మధ్యలో ప్రసంగాలు. వెళ్లకపోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఒక్క విషయం తెలుసుకోవాలి: రాబోయే గవర్నర్ అనుమతి లేకుండా ఎగ్గొడితే ప్రెసిడెంట్‌గా పనిచేసే అర్హతే పోతుంది. అనుమతి ఇచ్చినా మీ తరఫున ఒకరిని పంపాలి, ఆ మనిషి వచ్చి మీకు అన్నీ చెప్పాలి. రెండూ జరక్కపోతే, శిక్షణ పొందిన మరో మనిషిని ఎన్నుకునే దాకా పాత ప్రెసిడెంటే కొనసాగుతాడు. ప్రసంగాల్లో పస ఎంతుంటుందో మీ అదృష్టం. కాఫీ విరామంలో పక్క ఊరి క్లబ్‌ల ఎలెక్ట్‌లతో అయ్యే పరిచయాలు మాత్రం ఏడాదంతా పనికొస్తాయి, ఆపరేషన్లు చేసే కంటి ఆసుపత్రి నుంచి చౌకలో ఫ్లెక్సీ కొట్టేవాడి నంబర్ దాకా అక్కడే దొరుకుతాయి.

డబ్బు, అసలు చిక్కంతా ఇక్కడే

క్లబ్ డబ్బు గురించి మాట్లాడటం మనకి మొహమాటం, అందుకే ఏడాది చివర మనస్పర్థలు. ముందుగా సభ్యత్వ రుసుము. సభ్యుడు కట్టే మొత్తంలో కొంత రోటరీ ఇంటర్నేషనల్‌కి డాలర్ల లెక్కన పోతుంది, కొంత డిస్ట్రిక్ట్‌కి పోతుంది, పత్రిక చందా ఉంటుంది, మిగిలింది క్లబ్ ఖర్చులకి. ఇంటర్నేషనల్ బిల్లు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, జూలై 1న, జనవరి 1న రికార్డులో ఎంతమంది ఉంటే అంతమందికి. ఇక్కడే కొత్త ప్రెసిడెంట్ దెబ్బతింటాడు. రెండేళ్ల నుంచి మొహం చూపించని ఎనిమిది మంది పేర్లు జాబితాలో అలాగే ఉంటాయి, "తీసేస్తే బాగోదు, డిస్ట్రిక్ట్‌లో మన సంఖ్య తగ్గుతుంది" అని ఎవరూ ముట్టుకోరు. జూలై 1 దాటిందంటే ఆ ఎనిమిది మందికీ మీ క్లబ్బే కట్టాలి. కాబట్టి మే నెలలోనే ప్రస్తుత సెక్రటరీతో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, ఉంటారా వెళ్తారా అని మర్యాదగా అడగండి. గడువు దాటి 30 రోజులైనా కట్టనివాళ్లకి సెక్రటరీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత 10 రోజుల్లో కూడా కట్టకపోతే బోర్డు తీసేయవచ్చు అని రాజ్యాంగమే చెప్తోంది. ఆ కాగితం మీకు అండగా ఉంటుంది, అయినా ముందు ఫోన్ చేయండి. కొందరు నిజంగా ఇబ్బందుల్లో ఉంటారు, ఆ మాట గ్రూపులో చెప్పుకోలేరు.

రెండోది, ఖాతాలు. సభ్యులు కట్టే డబ్బు ఒక ఖాతాలో, సేవా కార్యక్రమాలకి ఊళ్లో వసూలు చేసిన డబ్బు ఇంకో ఖాతాలో ఉండాలని రోటరీ సూచించే బైలాస్‌లో ఉంది, చెల్లింపులకి ఇద్దరి ఆమోదం ఉండాలనీ, ఏడాదికోసారి అర్హత ఉన్నవాళ్లు లెక్కలు చూడాలనీ కూడా ఉంది. ఒకే ఖాతా ఉన్న క్లబ్‌లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. కంటి శిబిరానికి దాత ఇచ్చిన డబ్బుతో డిన్నర్ బిల్లు కడతారు, తర్వాత డ్యూస్ రాగానే సర్దేద్దాం అనుకుంటారు, డ్యూస్ రావు. ఎవరూ దొంగలు కారు, కానీ దాత లెక్క అడిగిన రోజున ప్రెసిడెంట్ తల వంచుకోవాలి. మీ ట్రెజరర్‌ని మీరే ఎంచుకునే వీలుంటే స్నేహితుడి కంటే, నెల తిరిగేసరికి కాగితం మీద లెక్క పెట్టే మనిషిని అడగండి. ఆ మనిషికి కాస్త మొండితనం కూడా ఉంటే మంచిది. బ్యాంకులో సంతకాల మార్పుకి తీర్మానం, కేవైసీ, బ్రాంచి చుట్టూ తిరుగుళ్లు అంటూ వారాలు పడుతుంది కాబట్టి కాగితాలు జూన్‌లోనే సిద్ధం చేసుకోవాలి, లేకపోతే ఆగస్టు దాకా చెక్కుల మీద పాత ప్రెసిడెంట్ గారి సంతకం కోసం ఆయన షాపు దగ్గర నిలబడాల్సిందే.

మూడోది ఫౌండేషన్, అంటే విరాళాలు తీసుకుని సేవా పనులకి గ్రాంట్లు ఇచ్చే రోటరీ సంస్థ. దీన్ని అర్థం చేసుకున్న ప్రెసిడెంట్లు తక్కువ, అందుకే కొంచెం ఆగి చెప్తాను. రోటరీ ఫౌండేషన్‌కి బీజం 1917లో పడింది, ఆర్చ్ క్లంఫ్ అనే ప్రెసిడెంట్ ప్రతిపాదన అది. మరుసటి ఏడాది వచ్చిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఇప్పుడు మీ క్లబ్ సభ్యులు దాని యాన్యువల్ ఫండ్‌కి, షేర్ అని పిలిచే పద్ధతిలో, ఇచ్చే డబ్బు వెంటనే ఖర్చుకాదు. మూడేళ్లు పెట్టుబడిలో ఉంటుంది. మూడేళ్ల తర్వాత అందులో 47.5 శాతం మీ డిస్ట్రిక్ట్ వాటాగా తిరిగొస్తుంది, 47.5 శాతం ప్రపంచ నిధికి, మిగిలిన 5 శాతం నిర్వహణకి. అంటే 2025-26లో డిస్ట్రిక్ట్ మొత్తం కలిసి 10,000 డాలర్లు ఇస్తే 2028-29లో 4,750 డాలర్లు డిస్ట్రిక్ట్ చేతికొస్తాయి. మీరు ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు వాడుకునేది మూడేళ్ల క్రితం ఎవరో అడిగి తెచ్చిన డబ్బు, మీరు అడిగి తెచ్చేది మూడేళ్ల తర్వాత వచ్చే మనిషికి. ఇది తెలిస్తే పాల్ హారిస్ ఫెలో అనే దాత గుర్తింపు కోసం వెయ్యి డాలర్లు అడగడానికి సభ్యుల దగ్గరికి వెళ్లినప్పుడు మీరు చెప్పే మాటే మారిపోతుంది.

ఆ డిస్ట్రిక్ట్ వాటాలో సగం దాకా డిస్ట్రిక్ట్ గ్రాంట్లుగా చిన్న పనులకి ఇవ్వొచ్చు: బడికి బెంచీలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరికరం లాంటివి. గ్లోబల్ గ్రాంట్ వేరే కథ. బడ్జెట్ కనీసం 30,000 డాలర్లుండాలి, మన క్లబ్‌తో పాటు వేరే దేశంలో ఒక భాగస్వామి ఉండాలి, నిర్దేశించిన ఏడు రంగాల్లో ఒకదానికి చెందాలి, ఆ ఊరి అవసరమేంటో ముందే సర్వే చేసి చూపించాలి, డబ్బు అయిపోయాక కూడా పని ఎలా నడుస్తుందో రాయాలి. ఇవి కుదరడానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏడాది కూడా. జూలైలో ఆలోచన మొదలుపెట్టిన ప్రెసిడెంట్ తన ఏడాదిలో గ్లోబల్ గ్రాంట్‌తో రిబ్బన్ కత్తిరించడం దాదాపు అసాధ్యం. గ్రాంట్లకి క్లబ్ అర్హత పొందాలంటే ఒక సభ్యుడైనా గ్రాంట్ మేనేజ్‌మెంట్ సెమినార్‌కి వెళ్లాలి, ఒప్పంద పత్రం మీద ప్రెసిడెంట్‌తో పాటు ప్రెసిడెంట్ ఎలెక్ట్ కూడా సంతకం పెట్టాలి. మీ సంతకం అడిగారంటే అది ఊరికే అడిగింది కాదు, చదివి పెట్టండి. విదేశీ క్లబ్ ఏదైనా "నేరుగా మీ ఖాతాలో వేస్తాం" అంటే సంబరపడిపోకండి, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి మళ్లించడం కూడా కుదరదు.

ఇక మన ఊరి ట్రస్టు. దాతకి పన్ను మినహాయింపు ఇప్పించేది సాధారణంగా ఇదే, 80జి అని మనం పిలిచేది. క్లబ్ రసీదు వేరు, ట్రస్టు రసీదు వేరు, ఏ రసీదు ఎవరికి ఇచ్చారో తేడా వస్తే దాత ఆడిటర్ దగ్గర దొరికిపోతాడు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్న వ్యక్తులకి అసలే రాదు, ఇవి దాతకి ముందే చెప్పడం మర్యాద. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు మీద ఆశ ఉంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నమోదు కావాలి, అది మీ ట్రస్టుకి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంకో చిక్కు: క్లబ్ ఏడాది జూలై నుంచి జూన్, ప్రభుత్వ లెక్కల ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి. కాబట్టి ట్రస్టు రిటర్న్‌లో మొదటి మూడు నెలలు పాత ప్రెసిడెంట్‌వి, మిగతా తొమ్మిది నెలలు మీవి. ఆయన బిల్లులు ఆయన సంచిలోనే ఉండిపోతే వచ్చే ఏడాది నోటీసు వచ్చేది మీ పేరు మీద. మార్చి 31కి ఒకసారి, జూన్ 30కి ఒకసారి లెక్కలు మూసి చేతులు మారితే ఈ తలనొప్పి ఉండదు.

ఇన్‌స్టలేషన్ మీద నా అభిప్రాయం

ఎవరికీ నచ్చదు గానీ చెప్తాను: అందరూ జూన్ నెలంతా దీనికే పోస్తారు, అది దండగ. ఫంక్షన్ హాలు, ముఖ్య అతిథి, శాలువాలు, మెమెంటోలు, యాంకర్, ప్రెసిడెంట్ అత్తగారి తరఫు వాళ్లకి వేరే టేబుల్. ఖర్చులో పెద్ద భాగం ప్రెసిడెంట్ జేబులోంచే పోయే ఊళ్లున్నాయి. దాని ఫలితం ఏమిటంటే, మంచి టీచరో చిన్న ఉద్యోగస్థుడో "నా వల్ల కాదు బాబూ" అని పదవికి దూరంగా ఉంటాడు, క్లబ్ ఎప్పటికీ నలుగురు వ్యాపారస్థుల చుట్టూనే తిరుగుతుంది. వారం వారం జరిగే మామూలు మీటింగులోనే ప్రెసిడెంట్ మెడపట్టీ (కాలర్) వేసుకుని టీ, మిర్చిబజ్జీలతో ఇన్‌స్టలేషన్ చేసుకున్నా నిబంధనలు ఏమీ అడ్డుచెప్పవు. జూలై 1న ఎలాగూ డాక్టర్స్ డే, చార్టర్డ్ అకౌంటెంట్స్ డే రెండూ కలిసొస్తాయి. బి.సి. రాయ్ గారి జయంతీ అదే రోజు, 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పుట్టిందీ అదే రోజు. ఊళ్లో డాక్టర్లకీ ఆడిటర్లకీ శాలువాలు కప్పడం మనవాళ్లకి రివాజైపోయింది. కప్పండి, తప్పేం లేదు. ఆ శాలువా చేతిలో ఉన్నప్పుడే "నెలకో ఆదివారం మా శిబిరానికి వస్తారా" అని డాక్టర్‌ని, "ట్రస్టు లెక్కలు ఒకసారి చూసిపెడతారా" అని ఆడిటర్‌ని అడిగేయండి. ఫొటో తీసుకుంటూ కాదనేవాళ్లు తక్కువ.

మనుషులు

జీతాల్లేని చోట ఆజ్ఞలు పనిచేయవు. తన షాపులో పదిమంది చేత పని చేయించే యజమాని క్లబ్‌కొచ్చేసరికి తడబడేది ఇందుకే, ఇక్కడ ఎవర్నీ తీసేయలేడు, ఎవరికీ ఇంక్రిమెంట్ ఇవ్వలేడు. ఉన్నదల్లా అడగడం, గుర్తుపెట్టుకోవడం. జనవరి నుంచి జూన్ మధ్యలో ప్రతి సభ్యుడినీ ఒకసారి విడిగా కలవగలిగితే, ఇంటికో షాపుకో వెళ్లి, "మీరు ఏడాదిలో ఏ పని చేయడానికి ఇష్టపడతారు" అని అడిగితే, డైరెక్టర్ల పదవులు పంచడం దానంతట అదే తేలిపోతుంది. పిల్లలకి పాఠం చెప్పడం ఇష్టమైన మనిషికి ఫండ్ రైజింగ్ అప్పగించి, తిరగడం ఇష్టమైన మనిషికి బులెటిన్ అప్పగించి, తర్వాత "ఎవరూ సహకరించట్లేదు" అని వాపోయే ప్రెసిడెంట్లని చాలామందినే చూశాను.

సెక్రటరీ విషయంలో మాత్రం ఇష్టాయిష్టాలు పక్కనపెట్టి ఓపిక చూడండి. ఆన్‌లైన్‌లో సభ్యుల వివరాలు మార్చడం, మినిట్స్ రాయడం, డిస్ట్రిక్ట్‌కి నెలనెలా రిపోర్టు, ఇవన్నీ ఆ ఒక్కరి మీదే. మీ ఇద్దరి మధ్య రోజుకో ఫోన్ నడవాలి, కాబట్టి ఒకరి మాట ఒకరికి పడాలి.

పీపీలు, అంటే మాజీ ప్రెసిడెంట్లు, వీళ్ల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. పాతికేళ్ల క్లబ్‌లో పదిహేను మంది పీపీలుంటారు, ముందు వరసలో కూర్చుంటారు, "మా ఏడాదిలో అయితే" అని మొదలుపెడతారు. విసుక్కోవద్దు. ఊళ్లో కలెక్టర్ ఆఫీసు తలుపు తెరిపించేదీ, మొండి బకాయిదారుడితో మాట్లాడేదీ వీళ్లే. అయితే ఒక్కో పీపీకి ఒక్కో పని స్పష్టంగా అప్పగించాలి, ఖాళీగా ఉంచితే సలహాలకే పరిమితమవుతారు. ఇద్దరు పీపీల మధ్య పాత గొడవ ఏదైనా ఉంటే అదేమిటో జూలైకి ముందే తెలుసుకోండి, లేకపోతే ఏదో చిన్న బ్యానర్ మీద పేర్ల వరస దగ్గర అది మీ మీటింగులో పేలుతుంది.

ఆడవాళ్ల సంగతి. 1989 దాకా రోటరీ నియమాల ప్రకారం మహిళలకి సభ్యత్వమే లేదు, అమెరికా సుప్రీంకోర్టు 1987లో ఒక క్లబ్ కేసులో తీర్పు ఇచ్చాక నియమం మార్చారు. 2022-23లో జెన్నిఫర్ జోన్స్ అంతర్జాతీయ అధ్యక్షురాలు అయ్యారు. మన చిన్న ఊళ్ల క్లబ్‌లలో మాత్రం ఇంకా చాలాచోట్ల "యాన్స్" అని సభ్యుల భార్యల్ని పిలుచుకుంటూ, వాళ్ల చేత రంగవల్లుల పోటీ నడిపించడంతో సరిపెడుతున్నాం. ఊళ్లో లెక్చరర్లు, డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు, బొటిక్ నడిపేవాళ్లు ఇంతమంది ఉంటే సభ్యులు దొరకట్లేదని ఏడవడం ఏమిటో నాకు అర్థం కాదు. మీటింగు రాత్రి తొమ్మిదింటికి మొదలై పదకొండుకి మందుతో ముగుస్తుంటే వాళ్లు రారు, అంతే. క్రమం తప్పకుండా ప్రతివారం కలవాల్సిన పనిలేదు, 2016 నుంచి నెలకి కనీసం రెండుసార్లు చాలు, సమయాన్నీ మార్చుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టుకోవచ్చు. ఈ మార్పు చేయాలంటే బైలాస్ చూడాలి, బోర్డులో మాట్లాడాలి, అదీ జూలైకి ముందే.

ఏ పని ఎత్తుకోవాలి

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు ప్రతి ప్రెసిడెంటూ తన పేరుతో కొత్త ప్రాజెక్టు మొదలుపెడతాడు, ఏడాది తిరిగేసరికి దాన్ని చూసే నాథుడుండడు. ప్రభుత్వ బడుల్లో మూలపడ్డ ఆర్వో ప్లాంట్లే దీనికి సాక్ష్యం. శిలాఫలకం మెరుస్తూనే ఉంటుంది, లోపల ఫిల్టర్లూ మెంబ్రేన్లూ ఎప్పుడో పోయి ఉంటాయి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక హెడ్మాస్టరు గారు స్విచ్ కట్టేసి ఉంటారు. మీ క్లబ్ గత పదేళ్లలో కట్టినవి, ఇచ్చినవి, తెరిచినవి అన్నీ జాబితా రాసుకుని మే నెలలో ఒక బండేసుకుని తిరిగి చూడండి. పనిచేయనివాటిలో మూడింటిని బాగుచేయించి, నిర్వహణ ఎవరిదో బడితోనూ పంచాయతీతోనూ కాగితం మీద రాయించుకుంటే, నా దృష్టిలో అది ఏ కొత్త ప్రారంభోత్సవానికీ తీసిపోని ఏడాది. ఫలకం మీద మీ పేరుండదు. అది ఒప్పుకోగలరో లేదో ముందే మీతో మీరు తేల్చుకోవాలి.

రక్తదాన శిబిరం ఇంకో ఉదాహరణ. ప్రెసిడెంట్ పుట్టినరోజుకో, ఎవరో నాయకుడి జయంతికో పెట్టి, ఒక్కరోజులో ఎన్ని యూనిట్లు అని లెక్క చెప్పుకుంటాం. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. చిన్న పట్టణంలో బ్లడ్ బ్యాంకుకి ఒకేరోజు రెండొందల యూనిట్లు వచ్చిపడితే ఏం చేసుకోవాలి? పైగా ఆ రెండొందల మందిలో మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు మళ్లీ ఇవ్వడానికి లేదు. థలసేమియా పిల్లలకి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకి జయంతులతో పనిలేదు. కాలేజీలకి సెలవులుండే ఏప్రిల్, మే నెలల్లో కొరత ఎక్కువ. కాబట్టి బ్లడ్ బ్యాంకు డాక్టర్‌ని ముందే కలిసి "మీకు ఏ నెలలో ఎన్ని కావాలి" అని అడిగి, చిన్నచిన్న శిబిరాలు ఏడాది పొడవునా సర్దితే పేపర్లో పెద్ద ఫొటో రాకపోవచ్చు, రక్తం మాత్రం ఎక్కడికి చేరాలో అక్కడికి చేరుతుంది. కంటి శిబిరాలదీ ఇదే వరస. ఎంతమందిని పరీక్షించారన్నది అందరూ చెప్తారు, శుక్లాలని తేలినవాళ్లలో ఆపరేషన్ దాకా ఎంతమంది వెళ్లారు, తర్వాత చూపు ఎలా ఉంది అని అడిగితే రిజిస్టర్ ఉండదు.

దీర్ఘకాలం పట్టుకుని ఉంటే ఏమవుతుందో రోటరీ దగ్గరే పెద్ద రుజువుంది. పోలియోని నిర్మూలించే కార్యక్రమం, పోలియోప్లస్, మొదలైంది 1985లో. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లోని హౌరాలో, పోలియో రహితమని ధ్రువీకరణ 2014 మార్చిలో. ప్రభుత్వం, ఆరోగ్య కార్యకర్తలు, ఇతర సంస్థలతో కలిసి చేసిన పని అది, అన్నేళ్లలో, మొదట్నుంచీ ఉన్న ప్రతి క్లబ్‌లోనూ పాతికమందికి పైగా ప్రెసిడెంట్లు మారి ఉంటారు. ఎవరూ దాన్ని ఆపి "నా ప్రాజెక్టు" అనలేదు.

ఏ పనైనా క్యాలెండర్ మీద పెట్టి చూసుకోవాలి, ఎందుకంటే పన్నెండు నెలలు అని పేరే గానీ చేతికొచ్చేవి తక్కువ. జూలై ఇన్‌స్టలేషన్, మొక్కలు. వానలు పడుతుంటాయి కాబట్టి మొక్కలకి అదే అదను, కంచె, నీళ్లు ఎవరు చూస్తారో తేల్చాకే. ఆగస్టులో జెండా పండుగ, సెప్టెంబర్ 5న గురువులకి సన్మానం, వినాయక చవితి, దసరా, బతుకమ్మ, దీపావళి వచ్చేసరికి సభ్యుల్లో వ్యాపారస్థులు ఒక్కరూ దొరకరు. నవంబర్, డిసెంబర్ బంగారంలాంటి నెలలు, శిబిరాలన్నీ అప్పుడే పెట్టుకోవాలి. సంక్రాంతికి ఊరు ఖాళీ లేదా ఊరంతా చుట్టాలే. ఫిబ్రవరి 23 రోటరీ పుట్టినరోజు, మార్చిలో పరీక్షలు, ఆర్థిక సంవత్సరం ఆఖరు, కాబట్టి బడులూ దొరకవు, ఆడిటర్లూ దొరకరు. ఏప్రిల్, మేలో చలివేంద్రాలు తప్ప ఎండలో ఇంకేం చేయలేం. జూన్‌లో బడులు తెరుస్తారు, నోటు పుస్తకాలు, బ్యాగులు ఇవ్వాలనుకునేవాళ్లకి సరైన సమయం అదే, కానీ అప్పటికి ప్రెసిడెంట్ మనసు దిగిపోవడం మీద ఉంటుంది. అందుకే నా సలహా, ఎలెక్ట్‌గా ఉన్న జూన్‌లోనే పాత ప్రెసిడెంట్‌తో కలిసి పుస్తకాల పని చేయండి. ఖర్చు ఇద్దరి బడ్జెట్లలో సర్దుకోవచ్చు, ఆయనకి ఘనంగా ముగింపు, మీకు చేతిలో పని అలవాటు.

అదే జూన్‌లో పాత బోర్డు, కొత్త బోర్డు కలిసి ఒక్కరోజు కూర్చోవాలి. ఆరోజు చేతులు మారాల్సినవి: ట్రస్టు డీడు, రిజిస్ట్రేషన్ కాగితాలు, పాన్ కార్డు, చెక్కుబుక్కులు, పోర్టల్ పాస్‌వర్డ్‌లు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబర్ ఎవరిదన్నది, గోడౌన్ తాళం, అందులో ఉన్న వీల్‌చైర్ల లెక్క, క్లబ్ ఫేస్‌బుక్ పేజీ ఎవరి మరదలి కొడుకు చేతిలో ఉందన్న వివరం. సొసైటీగా రిజిస్టరైన క్లబ్ అయితే కొత్త కార్యవర్గం జాబితాని రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి, జనరల్ బాడీ అయ్యాక 15 రోజుల్లో ఇవ్వాలని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది, ఏళ్ల తరబడి ఇవ్వని క్లబ్‌లు ఎన్నో. మీ క్లబ్‌ది ఆఖరిసారి ఏ ఏడాదిలో ఇచ్చారో ఆరోజే అడగండి.

తర్వాత డిసెంబర్ 31 లోపు మీ అధ్యక్షతన వార్షిక సమావేశం జరగాలి, పోయిన ఏడాది లెక్కలూ ఈ ఏడాది ఆరు నెలల జమాఖర్చులూ సభ్యుల ముందు పెట్టాలి, రాబోయేవాళ్లని ఎన్నుకోవాలి. అప్పుడు ఎన్నికైన మనిషిని జనవరి నుంచే బోర్డు మీటింగులకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి, గ్రాంట్ ఫైళ్లలో పేరు చేర్చండి, ఆర్వో ప్లాంట్ల జాబితా ఒక కాపీ ఇవ్వండి.